ఫిన్లాండ్ సౌనా, మంచునీటి మునక: తొలిసారి వెళ్ళేవారు తెలుసుకోవలసినవి

ఉద్యోగరీత్యా ఫిన్లాండ్ వచ్చి ఎస్పోలోనో, తంపెరెలోనో అపార్ట్‌మెంట్ అద్దెకు తీసుకున్న మనవాళ్ళ ఇళ్ళలో చాలాచోట్ల స్నానాలగదిని ఆనుకొని ఒక చిన్న చెక్కగది కనబడుతుంది. పొయ్యిమీద రాళ్ళు కాచి, ఆ వేడిలో కూర్చొని చెమటపట్టించుకునే సౌనా అది. నేను వెళ్ళిన ఇళ్ళలో ఎక్కువగా ఆ గది నిండా సూట్‌కేసులు, పచ్చడి సీసాల పెట్టెలు, పిల్లల చలికోట్లు ఉండేవి. మా ఇంట్లోనూ మొదటి ఏడాది అంతే. సౌనాలో సోనా మసూరి బస్తాలు పేర్చుకున్న ఆ రోజులను తలచుకుంటే ఇప్పుడు నవ్వు వస్తుంది గానీ, అది నవ్వి వదిలేయవలసిన విషయం కాదు. పొయ్యి స్విచ్‌ను ఎవరో ఒకరు పొరపాటున తిప్పితే చాలు, దాని మీదో పక్కనో ఉన్న సామాను అంటుకుంటుంది. పొయ్యిపైన ఆరేసిన బట్టలు జారిపడి ఇళ్ళు కాలిపోవడం ఈ దేశంలో అగ్నిమాపక సిబ్బందికి బాగా తెలిసిన ప్రమాదం. కాబట్టి సౌనా అలవాటు చేసుకోదలచినవారు ముందుగా చేయవలసిన పని ఆ గదిని ఖాళీ చేయడం. ఇంట్లో సౌనా లేనివారికి సాధారణంగా భవనమంతటికీ కలిపి కింద ఒకటి ఉంటుంది, కొద్ది రుసుము కడితే వారానికి ఒక గంట మీ కుటుంబానికి కేటాయిస్తారు.

సుమారు 55 లక్షల జనాభా ఉన్న ఈ దేశంలో సౌనాలు 30 లక్షలకు పైగా ఉన్నాయని అంచనా. పార్లమెంటు భవనంలోనూ ఒకటి ఉంది. 2020లో యునెస్కో ఫిన్లాండ్ సౌనా సంస్కృతిని మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. పూర్వం పల్లెల్లో కాన్పులు సౌనాలోనే జరిగేవి, చనిపోయినవారికి కడసారి స్నానం కూడా అక్కడే చేయించేవారు. వేడినీళ్ళు, శుభ్రత, ఏకాంతం మూడూ ఒకే చోట దొరికేది అక్కడే మరి. సౌనాలో చర్చిలో ఉన్నట్టు మసలుకోవాలని ఇక్కడి సామెత. ఆ మాటలోని నెమ్మదితనాన్ని పట్టుకున్నవారికి మిగిలిన పద్ధతులన్నీ సులువుగా అబ్బుతాయి.

వేడి ఎలా పనిచేస్తుంది

ఎనభై డిగ్రీల నీళ్ళు చేతిమీద పడితే బొబ్బలెక్కుతాయి. అదే ఎనభై డిగ్రీల గాలిలో మనిషి పది నిమిషాలు హాయిగా కూర్చోగలడు. గాలి నీటికంటే చాలా తక్కువ వేడిని మోస్తుంది, చర్మానికి నెమ్మదిగా అందిస్తుంది. పైగా సౌనా గాలి పొడిగా ఉంటుంది కాబట్టి పట్టిన చెమట పట్టినట్టే ఆవిరై ఒంటిని చల్లబరుస్తుంది. మట్టికుండ చెమర్చి లోపలి నీళ్ళను చల్లగా ఉంచే సూత్రమే ఇది. ఇక కాగిన రాళ్ళమీద గరిటెడు నీళ్ళు పోయగానే లేచే ఆవిరిని ఫిన్నిష్‌లో 'లొయ్లు' అంటారు. ఆ ఆవిరి చర్మానికి తగిలి నీరుగా మారేటప్పుడు తనలోని వేడిని అక్కడే వదిలిపెడుతుంది, గాలిలో తేమ పెరగడం వల్ల చెమట ఆరడం కూడా మందగిస్తుంది. అందుకే గదిలో థర్మామీటరు ముల్లు కదలకపోయినా, చెవుల మీద, భుజాల మీద సెగ ఒక్కసారిగా సూదుల్లా గుచ్చుతుంది.

ఆ వేడికి చర్మంలోని రక్తనాళాలు విప్పారుతాయి, గుండె వేగం నిమిషానికి 100 దాటి, బాగా వేడెక్కినప్పుడు 150 దాకా కూడా వెళ్ళవచ్చు. చురుకుగా నడిచినప్పుడో, మెట్లెక్కినప్పుడో గుండె చేసే శ్రమకు ఇది సమానం. బయటికి వచ్చాక కొంతసేపు రక్తపోటు తగ్గి ఉంటుంది. ఒక విడత సౌనాలో సుమారు అర లీటరు చెమట పోతుంది. చెమటతో ఒంట్లోని విషాలు బయటికి పోతాయన్న ప్రచారాన్ని మాత్రం నమ్మనవసరం లేదు, ఆ పని కాలేయమూ మూత్రపిండాలూ చేస్తాయి. చెమటలో పోయేది దాదాపు అంతా నీరు, ఉప్పు. తూకంలో తగ్గిన బరువు రెండు గ్లాసుల మజ్జిగతో తిరిగి వస్తుంది.

దీర్ఘకాలిక ప్రయోజనాల విషయంలో అందరూ ఉదహరించే అధ్యయనం తూర్పు ఫిన్లాండ్‌లోని కువోపియో ప్రాంతానిది. అక్కడ 2,315 మంది నడివయసు పురుషులను సుమారు 20 ఏళ్ళ పాటు గమనించి, యారి లౌక్కనెన్ బృందం 2015లో ఫలితాలను ప్రచురించింది. వారానికి ఒక్కసారే సౌనాకు వెళ్ళినవారితో పోలిస్తే, నాలుగు నుంచి ఏడుసార్లు వెళ్ళినవారిలో ఆకస్మిక గుండె మరణాలు 63 శాతం తక్కువగా, మొత్తం మరణాలు 40 శాతం తక్కువగా ఉన్నాయి. ఈ అంకెలు చూసి పొంగిపోయే ముందు ఒక మాట గుర్తుంచుకోవాలి: ఇది గమనించి రాసిన లెక్కే తప్ప, సౌనాయే ఆ తేడాకు కారణమని నిరూపించిన ప్రయోగం కాదు. ఒంట్లో బాగున్నవారే తరచుగా సౌనాకు వెళ్తారు, జబ్బుపడినవారు మానుకుంటారు. పరిశోధకులు పొగతాగడం, రక్తపోటు, వ్యాయామం వంటివాటిని లెక్కలోకి తీసుకున్నా ఆ సందేహం పూర్తిగా తీరదు. పైగా వారంతా చిన్ననాటి నుంచి సౌనాలో పెరిగిన ఫిన్నిష్ పురుషులు. నా మట్టుకు నేను గట్టిగా చెప్పగలిగింది ఇంతే: సౌనా అయిన రాత్రి నిద్ర బాగా పడుతుంది, రోజంతా కంప్యూటర్ ముందు బిగుసుకుపోయిన మెడ, భుజాలు వదులవుతాయి, అక్కడికి ఫోన్ తీసుకువెళ్ళలేము.

లోపలికి వెళ్ళే ముందు

కడుపునిండా భోంచేసి సౌనాకు వెళ్ళకూడదు, అలాగని ఖాళీ కడుపుతోనూ వెళ్ళకూడదు. తేలికగా ఏదైనా తిని రెండు గంటలైతే సరిపోతుంది. ముందు ఒక గ్లాసు, తరువాత రెండు గ్లాసుల నీళ్ళు తాగాలి. ఫిన్నిష్ మిత్రులు బీరు అందిస్తారు, దాన్ని మర్యాదగా తరువాతికి వాయిదా వేయండి, ఎందుకంటే సౌనాలో జరిగే మరణాల్లో చాలావాటి వెనుక మద్యం ఉంటుంది. ఉప్పు వేసిన పలుచటి మజ్జిగకు సాటి వచ్చే పానీయం నాకైతే ఇంతవరకు కనబడలేదు.

నగలన్నీ తీసేయాలి. ఈ మాట వినగానే మన ఆడవాళ్ళు మంగళసూత్రం సంగతి అడుగుతారు. లోహం గాలికంటే త్వరగా చర్మానికి వేడిని అందిస్తుంది కాబట్టి, పై బల్లమీద కూర్చున్న ఐదు నిమిషాలకే గొలుసు చురుక్కున కాలుతుంది, నల్లపూసల తీగ కూడా అంతే. తీయడం ఇష్టం లేనివారు దాన్ని తడిపిన చిన్న తువ్వాలులో చుట్టి, ఒంటికి నేరుగా తగలకుండా ఉంచుకొని, కింది బల్లమీదే కూర్చోవాలి. ఉంగరాలు, చెవిదుద్దులు, కళ్ళజోడు లోహపు చట్రానికీ ఇదే జాగ్రత్త.

సౌనా అంటే అభ్యంగన స్నానానికి చుట్టమే కదా అని ఒంటికి నూనె పట్టించుకొని వెళ్ళకూడదు. నూనె చెక్కబల్లలకు పట్టి మరక పడుతుంది, చెమట ఆరనివ్వదు. ముందు సబ్బుతో శుభ్రంగా స్నానం చేసి, ఒళ్ళు తుడుచుకొని వెళ్ళడమే ఇక్కడి పద్ధతి. తలంటు, నలుగు అన్నీ తరువాత.

బట్టల సంగతి. ఈత కేంద్రాల్లో ఆడవారికి, మగవారికి వేర్వేరు సౌనాలు ఉంటాయి, అక్కడ ఈతదుస్తులు కూడా వేసుకోకుండా నగ్నంగానే కూర్చుంటారు, చాలాచోట్ల ఈతదుస్తులను అనుమతించరు కూడా. మనకు మొదట్లో ప్రాణం చచ్చిపోతుంది. తువ్వాలు చుట్టుకొని కూర్చుంటే ఎవరూ ఏమీ అనరు, అసలు ఎవరూ ఎవరినీ చూడరు. ఆడా మగా కలిసి వెళ్ళే చోట్లలో, ఉదాహరణకు హెల్సింకి ఓడరేవు దగ్గరి అల్లాస్ ఈతకొలనులోని ఉమ్మడి సౌనాలోనో, 2016లో హెర్నెసారిలో తెరిచిన లొయ్లు అనే చోటనో, ఈతదుస్తులు తప్పనిసరి. కట్టెలపొయ్యి సౌనా చూడాలనుకునేవారు హెల్సింకి కల్లియో పేటలో 1928 నుంచి నడుస్తున్న కోతిహర్యున్ సౌనాకు వెళ్ళవచ్చు. పేరు విని నవ్వకండి, ఫిన్నిష్‌లో కోతి అంటే ఇల్లు. తంపెరెలోని రాయాపోర్తి ఇంకా పాతది, అది 1906 నాటిది.

బల్లమీద

లోపల మెట్లమెట్లుగా చెక్కబల్లలు ఉంటాయి. వేడి పైకి చేరుతుంది కాబట్టి ఒక్కొక్క మెట్టుకూ తేడా బాగా తెలుస్తుంది. తొలిసారి కింది మెట్టుమీదే కూర్చోవాలి, కాగుతున్న చెక్కమీద నేరుగా కాకుండా చిన్న గుడ్డ పరచుకొని కూర్చోవాలి. మొదటి విడత ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు చాలు. గడియారం వైపు చూడటం కంటే ఒంటి మాట వినడం మేలు: ముక్కులో గాలి మండినట్టు అనిపించినా, గుండె దడదడలాడినా, తల తేలిపోయినట్టు ఉన్నా, అప్పటికి రెండు నిమిషాలే అయినా సరే, లేచి బయటికి రావాలి. లేచేటప్పుడు ఒక్క ఉదుటున లేవకుండా, ముందు కాళ్ళు కిందకు దించి, కాసేపు ఆగి, గోడనో బల్లనో పట్టుకొని నిలబడాలి. వేడికి విప్పారిన రక్తనాళాల వల్ల రక్తమంతా కాళ్ళలోకి దిగి కళ్ళు తిరిగి పడిపోయేది సరిగ్గా ఆ క్షణంలోనే, అదీ కాగుతున్న పొయ్యి పక్కన.

నీళ్ళు పోయడానికి ఒక చెక్క బకెట్టు, పొడవాటి పిడి ఉన్న గరిటె ఉంటాయి. పోసే ముందు పక్కవారిని అడగడం మర్యాద. గరిటె సగం నింపి, చేయి పొయ్యికి పైన కాకుండా పక్కన ఉంచి, రాళ్ళన్నిటి మీదా పరుచుకునేలా మెల్లగా పోయాలి. బుస్సుమన్న శబ్దం ఆగి, గది ఒక్క క్షణం నిశ్శబ్దంగా ఉంటుంది. ఏమీ కాలేదనుకుంటాం. అప్పుడు పైకప్పును తాకి తిరిగివచ్చిన ఆవిరి తలమీది నుంచి దిగుతుంది. ఆ సమయంలో తల వంచి, మోచేతులు మోకాళ్ళ మీద ఆనించి, ముక్కుతో నెమ్మదిగా ఊపిరి తీసుకుంటే అది భరించదగినదిగానే ఉంటుంది. వేసవిలో లేత బర్చ్ చెట్టు కొమ్మల కట్టతో ఒళ్ళు కొట్టుకుంటారు. పశ్చిమాన దాన్ని విహ్తా అనీ, తూర్పున వస్తా అనీ అంటారు, ఏది సరైన పేరు అన్న తగువు ఇక్కడ గోంగూర, పుంటికూర తగువు లాంటిదే. దెబ్బలు తగలవు, పచ్చి ఆకు వాసన మాత్రం గదంతా నిండిపోతుంది.

ఎక్కువసేపు కూర్చోవడం గొప్ప కాదు. హైనొలా పట్టణంలో 1999 నుంచి ప్రపంచ సౌనా పోటీలు జరిగేవి. 2010 ఫైనల్లో 110 డిగ్రీల గదిలో పంతానికి కూర్చున్న ఇద్దరిలో ఒకరు చనిపోయారు, రెండోవారు తీవ్రంగా కాలిన గాయాలతో ఆసుపత్రి పాలయ్యారు. ఆ తరువాత ఆ పోటీ మళ్ళీ జరగలేదు.

మంచునీళ్ళలోకి

శీతకాలంలో గడ్డకట్టిన సరస్సులో మంచును కోసి, నీళ్ళు తిరిగి గడ్డకట్టకుండా మోటారుతో కదిలిస్తూ ఉంచే మడుగును 'అవంతో' అంటారు. నీటి వేడిమి సున్నా, ఒక డిగ్రీ మధ్య ఉంటుంది. చాలాచోట్ల గట్టుమీద సౌనా, అక్కడినుంచి చెక్కదారి, దాని చివర రెండువైపులా పట్టుకొమ్ములున్న నిచ్చెన ఉంటాయి.

అంత చల్లని నీళ్ళు చర్మానికి తగలగానే మనిషి ప్రమేయం లేకుండానే గుక్క పట్టినట్టు పెద్ద ఊపిరి లోపలికి వస్తుంది, ఆపైన ఊపిరి ఎగదోసుకుంటుంది, గుండె వేగం, రక్తపోటు ఒక్కసారిగా పైకి లేస్తాయి. ఈ దెబ్బ మొదటి అర నిమిషంలో తారస్థాయికి చేరి, ఒకటి నుంచి మూడు నిమిషాల్లో సద్దుమణుగుతుంది. చల్లనీళ్ళలో పడినవారు చాలామంది చలివల్ల కాక, ఆ మొదటి గుక్కలో నీళ్ళు పీల్చి మునిగిపోతారు. కాబట్టి తొలి మునకకు నియమాలు కొద్దివే గానీ, వాటిలో బేరం లేదు: ఒంటరిగా దిగకూడదు, దూకకూడదు, తల ముంచకూడదు, నిచ్చెన వదలకూడదు. ముఖం మునిగినప్పుడు గుండెను నెమ్మదింపజేసే మరో సహజ ప్రతిచర్య మొదలవుతుంది. ఒకవైపు వేగం, మరోవైపు నెమ్మది అన్న రెండు ఆజ్ఞలు ఒకేసారి అందితే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది.

నా తొలి మునకలో నేను చేసిన తప్పు ఊపిరి బిగపట్టి దిగడం. నడుము దాకా దిగేసరికి పక్కటెముకలను ఎవరో ఇనుప పట్టీతో బిగించినట్టయింది, పైకి రావాలన్న ఆలోచన కూడా రాలేదు. గట్టుమీద వంతుకోసం నిలబడిన ఒక ఫిన్నిష్ పెద్దావిడ వంగి, "హెంగితా ఉలోస్" అన్నారు. ఊపిరి బయటికి వదులు అని అర్థం. వదిలాను, పట్టీ సడలింది. తరువాత ఆలోచిస్తే మనవాళ్ళకు ఇది తెలియని విద్య కాదనిపించింది. కార్తీకమాసంలో తెల్లవారుజామున గోదావరిలో దిగేవారు "హరహరా" అని పైకి అంటూ దిగుతారు, ఆ దీర్ఘంతో పాటు ఊపిరి దానంతట అదే బయటికి వస్తుంది. అవంతోలోనూ అదే చేయవచ్చు, పక్కవారు ఏమీ అనుకోరు.

క్రమం ఇలా ఉంటే మంచిది. సౌనా నుంచి రాగానే నేరుగా నీళ్ళలోకి పోకుండా, గట్టుమీద ఒకటి రెండు నిమిషాలు నిలబడి, గుండె దడ తగ్గనివ్వాలి. తలకు ఉన్ని టోపీ, కాళ్ళకు నియోప్రిన్ అనే రబ్బరు లాంటి గుడ్డతో చేసిన చెప్పులు ఉండాలి. తడికాళ్ళతో మంచుపట్టిన చెక్కమీద నడిస్తే జారడం ఖాయం, ఇక్కడ దెబ్బలు తగిలేది నీళ్ళలో కంటే దారిలోనే ఎక్కువ. నిచ్చెన వైపు ముఖం పెట్టి, ఒక్కొక్క మెట్టుకూ ఒక్కొక్క పొడవాటి ఊపిరి వదులుతూ దిగాలి. మొదటిసారి నడుము దాకా చాలు, ధైర్యం ఉంటే భుజాల దాకా. నాలుగైదు ఊపిరులు వదిలాక ఎక్కేయాలి. మొత్తం అర నిమిషం లోపు. ఇలా వేర్వేరు రోజుల్లో ఐదారుసార్లు దిగేసరికి ఆ తొలి గుక్క తీవ్రత బాగా తగ్గుతుంది, అది శరీరం నేర్చుకునే పాఠం. అలవాటైనవారు కూడా ఒకటి రెండు నిమిషాలకు మించి ఉండనవసరం లేదు. ఎక్కువసేపు ఉంటే వేళ్ళు పట్టు తప్పుతాయి, నిచ్చెన పట్టుకోవలసింది ఆ వేళ్ళే. బయటికి వచ్చాక కూడా ఒంటి లోపలి వేడిమి కొంతసేపు పడిపోతూనే ఉంటుంది కాబట్టి, వణుకు తగ్గకుండా కారు నడపకూడదు.

బయటికి వచ్చిన అర నిమిషానికి చర్మమంతా నిప్పుకణికలా ఎర్రబడి, ఒళ్ళు తేలికపడి, మనసు ఊరికే సంతోషంగా ఉంటుంది. చల్లనీటిలో నోరాడ్రినలిన్ అనే హార్మోను ఎన్నో రెట్లు పెరుగుతుందని ప్రయోగాల్లో తేలింది, ఆ చురుకుదనానికి కొంత కారణం అది. 2016లో నెదర్లాండ్స్‌లో 3,018 మందితో జరిపిన ప్రయోగంలో, రోజూ స్నానం చివర 30 నుంచి 90 సెకన్లు చన్నీళ్ళు పోసుకున్నవారు అనారోగ్యంతో సెలవు పెట్టడం 29 శాతం తగ్గింది, జబ్బుపడిన రోజుల సంఖ్య మాత్రం తగ్గలేదు. జలుబు అంతే ఉన్నా ఆఫీసుకు వెళ్ళగలిగారన్నమాట. మంచునీళ్ళు రోగనిరోధక శక్తిని అమాంతం పెంచుతాయని చెప్పేవారికి ఈ ఫలితంలోని రెండో సగం చూపించవచ్చు. కండలు పెంచేందుకు బరువులెత్తేవారు వ్యాయామం ముగియగానే మంచునీళ్ళలో దిగడం మానుకోవాలి, అది కండ పెరుగుదలను తగ్గిస్తుందని 2015లో వెలువడిన ఒక అధ్యయనం చూపింది.

మధ్యలో కూర్చోవడం

చల్లనీళ్ళ నుంచి వచ్చాక, మళ్ళీ సౌనాలోకి వెళ్ళే ముందు కనీసం పది నిమిషాలు తువ్వాలు కప్పుకొని ఊరికే కూర్చోవాలి. కొత్తవారు దీన్ని కాలయాపన అనుకొని తొందరపడతారు. నా లెక్కలో అసలు సౌనా ఇదే. రెండు, మూడు విడతలు చాలు, చివర గోరువెచ్చటి స్నానం చేసి, తల పూర్తిగా ఆరబెట్టుకొని చలిలోకి వెళ్ళాలి.

ఎవరు ఆగాలి

ఇటీవల గుండెపోటు వచ్చినవారు, విశ్రాంతిలోనూ ఛాతీనొప్పి వచ్చేవారు, గుండె కవాటం బాగా సన్నబడినవారు సౌనాకు వెళ్ళకూడదు. అదుపులో లేని రక్తపోటు, గుండె లయ సమస్యలు, మూర్ఛ ఉన్నవారు మంచునీళ్ళ జోలికి పోకూడదు. మన ఇళ్ళలో చక్కెరవ్యాధి ఎక్కువ కాబట్టి అది విడిగా చెప్పాలి: వేడిలో ఇన్సులిన్ త్వరగా రక్తంలోకి చేరి చక్కెర పడిపోవచ్చు, పాదాల్లో స్పర్శ తగ్గినవారికి కాలినా, మంచు కొరికినా తెలియదు. రక్తపోటు మాత్రలు వేసుకునేవారికి లేచేటప్పుడు కళ్ళు తిరగడం మామూలు కంటే ఎక్కువ. గర్భిణులు, ముఖ్యంగా తొలి నెలల్లో, వైద్యులను అడగకుండా వెళ్ళకూడదు. సంతానం కోసం ప్రయత్నిస్తున్న పురుషులలో తరచు సౌనా వల్ల వీర్యకణాల సంఖ్య తాత్కాలికంగా తగ్గుతుంది, మానేస్తే కొన్ని నెలల్లో తిరిగి వస్తుంది. జ్వరంలో ఎవరికీ పనికిరాదు.

హైదరాబాదు తిరిగి వెళ్ళాక

అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌసుల్లో ఉండేది చాలావరకు సౌనా కాదు, ఆవిరిగది. అందులో వేడి 45 డిగ్రీల దరిదాపులే అయినా, తేమ నిండి చెమట ఆరదు కాబట్టి ఒళ్ళు త్వరగా వేడెక్కుతుంది. ఐదారు నిమిషాలతో మొదలుపెట్టి, ఎండాకాలంలో బయట తిరిగివచ్చిన రోజున అటు వెళ్ళకపోవడమే మంచిది. చల్లనీళ్ళ విషయంలో మనకు ఎదురయ్యే చిక్కు వేరు. మే నెలలో మేడమీది ట్యాంకు నీళ్ళు పట్టుకుంటే చేయి కాలుతుంది, కార్తీకంలో బావినీళ్ళు తెల్లవారుజామున బయటి గాలికంటే వెచ్చగా తగులుతాయి, అందులోంచి ఆవిరి లేవడం చిన్నప్పుడు చూసినవారికి గుర్తుండే ఉంటుంది. టబ్బులో మంచుగడ్డలు వేసుకునేవారు సున్నా డిగ్రీలకోసం ఆశపడనవసరం లేదు, 15 డిగ్రీల నీళ్ళు ఒంటికి చాలినంత చల్లగా ఉంటాయి. థర్మామీటరు వేసి చూసుకొని, ఇంట్లో ఒకరిని పక్కన నిలబెట్టుకొని, తల బయట ఉంచి, ఊపిరి వదులుతూ దిగాలి.